ఇది రాయకండి

ఆ టైల్స్ కంపెనీలో పందొమ్మిదేళ్ళుగా జరిగిన ప్రతి గొడవకూ ఆమె సాక్షి. అందులో ఒక్కదానికైనా కాగితం మీద ఆనవాలు మిగలకుండా చేసిన ఘనత కూడా ఆమెదే.

డైరెక్టర్ల మీటింగు జరుగుతుంటే ఓ మూల చిన్న బల్ల ముందు కూర్చుని, వాళ్ళు మాట్లాడుకున్నదంతా విని, అందులోంచి పరువుగా ఉన్న ముక్కలు మాత్రం ఏరి టైపు చేయడం ఆమె ఉద్యోగం. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ఎండీ గారి దాకా అందరికీ ఆమె ‘మినిట్స్ మేడమ్’. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

ఒకసారి, తోడల్లుళ్ళైన ఇద్దరు డైరెక్టర్లకు బాత్రూమ్ టైల్స్ రంగు దగ్గర మాటామాటా పెరిగింది. పెద్దాయన విసిరిన ఫైలు చిన్నాయన టీ కప్పును పలకరించి వెళ్ళి గోడకు కొట్టుకుంది. ఎండీ గారు ఎప్పటిలాగే పెన్సిల్ పైకెత్తి, “మేడమ్, ఇది రాయకండి” అన్నారు. ‘సంబంధిత ఫైలును సభ్యులు ఒకరికొకరు అందజేసుకున్నారు’ అని రాసిందామె. ఆ ఏడు ఇంక్రిమెంటు అందరికంటే ముందు ఆమెకే వచ్చింది.

ఇలాంటి విద్య ఆఫీసు గేటు దగ్గర ఆగుతుందా? ఆమె వెనకే ఇంటికీ వచ్చేసింది.

ఇంట్లో అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఒకప్పుడు ఆఖరి బెంచీ గుసగుసల్ని కూడా పట్టుకున్న చెవులు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. చెవి మిషను కొనిచ్చారు గానీ, అందులోంచి తుమ్మెదల రొద తప్ప మనుషుల మాట రావడం లేదని దాన్ని సొరుగులో పడుకోబెట్టారావిడ. భోజనాల దగ్గర కొడుకూ కోడలూ ఏదో అనుకుని నవ్వితే “ఏంటట?” అనేవారు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే కొడుకు “ఏం లేదమ్మా” అనేవాడు. కోడలు అంతకంటే నయం. కాస్త సారాంశం చెప్పేది.

“మీ చెల్లెలు గారు బాగున్నారట అత్తయ్యా.”

“గంటసేపు ఫోన్లో పగలబడి నవ్వి, బాగున్నారట అని చెప్తున్నావు. బాగుండడంలో అంత నవ్వొచ్చేది ఏముందే అమ్మాయ్? కట్టె కొట్టె తెచ్చె! ఇంట్లో కూడా మినిట్సేనా?”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ముల్లు ఇంకా అక్కడుండగానే, రెండు నెలల కింద ఓ ఆన్‌లైన్ సంస్థ ప్రకటన ఆమె కంటబడింది. చెవులు వినబడని విద్యార్థులు ఇంటర్నెట్‌లో పాఠాలకు కూర్చుంటారు. లెక్చరర్ మాట్లాడేది మనం ఇంట్లో కూర్చుని విని, వెంటవెంటనే టైపు చేస్తే, ఆ అక్షరాలు వాళ్ళ తెర మీద కనబడతాయి. అంతే పని.

అంతే పని! ఆ రాత్రి ఆమెకు నిద్ర పడితే ఒట్టు. పందొమ్మిదేళ్ళుగా ఈ పది వేళ్ళూ నిజాన్ని ఇస్త్రీ చేయడానికే అరిగిపోయాయి. అవే వేళ్ళు ఒక పిల్లకు చెవులు కావచ్చంటే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రోజూ వార్తలు పెట్టుకుని టైపు చేసింది. వార్తలు నెమ్మది అనిపించి క్రికెట్ వ్యాఖ్యానానికి ఎక్కింది. స్పీడు పరీక్ష ఇట్టే నెగ్గేసింది. ఇక మిగిలింది ఒక్కటే, శనివారం ఉదయం పది గంటలకు నిజం క్లాసులో నలభై నిమిషాల ట్రయల్. నచ్చిందో లేదో చెప్పాల్సింది ఆ క్లాసులోని విద్యార్థే.

సరిగ్గా అప్పుడే కంపెనీకి ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రికార్డుల విభాగానికి హెడ్‌ను చేస్తామన్నారు. తలుపున్న గది. తలుపు మీద పేరున్న పలక. సోమవారంలోగా సంతకం పెట్టాలి, పెడితే మూడేళ్ళు కదలకూడదు.

“తలుపున్న గది ఇస్తామంటే కాదంటారా ఎవరైనా?” అన్నాడు మొగుడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

“తలుపేసుకుని లోపల ఏం చేయమంటారు?”

“అదీ నిజమే. కానీ ట్రయల్ పోతే?”

“పోతే తలుపేసుకుంటాను.”

శనివారం తొమ్మిదిన్నరకే భోజనాల బల్ల ఆఫీసైపోయింది. లాప్‌టాప్, కొత్త కీబోర్డు, చెవులకు హెడ్‌ఫోన్లు, పక్కన మంచినీళ్ళు. ఎదురు కుర్చీలో బఠాణీ కాయల గిన్నెతో అత్తగారు ప్రత్యక్షం.

“అత్తయ్యా, ఇవాళ పరీక్ష నాకు.”

“తెలుసు. అందుకే వచ్చా. ముప్ఫై ఏళ్ళు పరీక్ష గదుల్లో తిరిగినదాన్ని. నేనేం మాట్లాడనులే. బఠాణీలకు చెవుల్లేవు, నాకూ లేవు. మేం మేం సర్దుకుంటాం.” అంటూనే, తెర కనిపించేలా కుర్చీని ఇటు జరుపుకున్నారు.

సంస్థ తరపు అమ్మాయి తెర మీద నవ్వుతూ పలకరించింది. ఇరవై నిమిషాలు, చిన్న విరామం, మళ్ళీ ఇరవై. “వినబడింది వినబడినట్టు రాయండి మేడమ్, చాలు.”

ఆమె బుద్ధిగా తలూపింది. కానీ తల ఊపింది వేరు, వేళ్ళు నేర్చింది వేరు.

అది పశువైద్యం నేర్పే క్లాసు. తెర మీద ముప్ఫై చిన్న చిన్న గడులు, గడికో మొహం. కింద వరసలో బిగించి జడ వేసుకుని, పెన్సిల్ కొరుకుతున్న పిల్లే తన విద్యార్థిని. బట్టతల లెక్చరర్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

“చూడండమ్మా, ఆవు ముందు గబగబా మింగేస్తుంది. తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. మా బావమరిది కూడా పెళ్ళిళ్ళలో మొదటి పని చేస్తాడు. రెండోదానికి వాడికి టైముండదు, ఇంకో పెళ్ళికెళ్ళాలి!”

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి: ‘ఆవు ఆహారమును తొలుత మింగి, పిదప నెమరు వేయును. ఈ అంశము ఉదాహరణ సహితముగా వివరించబడినది.’

ఎంత ముచ్చటైన వాక్యం! ఎండీ గారు చూస్తే కళ్ళకద్దుకుందురు. అదే ఊపులో ఆవు పొట్టలోని నాలుగు అరలూ గౌరవప్రదంగా దాటించింది. ఇరవై నిమిషాల పాఠం తొమ్మిది లైన్లలో ఒద్దికగా కూర్చుంది. విరామం ముందు లెక్చరర్ మళ్ళీ ఆ బావమరిది మాటే ఎత్తారు. తన తొమ్మిది లైన్లూ చూసుకుని ఆమె గర్వపడబోతుంటే, కింద చిన్న డబ్బాలో ఆ పిల్ల రాసింది: ‘ఆంటీ, ఒక ప్రశ్న. వీళ్ళంతా ఎందుకు నవ్వుతున్నారు?’

ఆమె అప్పుడు చూసింది గడులన్నిటినీ. ఇరవై తొమ్మిది మొహాల్లో పళ్ళు మెరుస్తున్నాయి. ముప్ఫయ్యో మొహంలో కూడా నవ్వుంది. కానీ అది ముందే కుట్టించి పెట్టుకున్న నవ్వు. అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి తగిలించుకునే నవ్వు. ఆ నవ్వు ఆమెకు కొత్తేం కాదు. రోజూ భోజనాల దగ్గర చూస్తున్నదే.

వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి: ‘ఏం లేద’

“కొట్టు, పూర్తిగా కొట్టు,” అన్నారు అత్తగారు బఠాణీ ఒలుస్తూ, తెర మీంచి చూపు తిప్పకుండా. “మాకందరూ చెప్పేది అదేగా!”

ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఆ అక్షరాలన్నీ చెరిపేసింది. నీళ్ళు తాగింది. ‘జోకు చల్లారిపోయాక వడ్డిస్తున్నాను, ఏమనుకోకు’ అని మొదలుపెట్టి, బావమరిదినీ రెండు పెళ్ళిళ్ళనీ పొల్లు పోకుండా టైపు చేసింది.

 ఆ డబ్బాలో జవాబొచ్చింది: ‘రెండేళ్ళ నుంచి ఈ సార్ దగ్గర నోట్సు చూసుకుంటూ చదువుతున్నా. సార్ జోకులేస్తారని నాకు ఇవాళే తెలిసింది. ఇంకా ఉన్నాయా?’

ఇంకా ఉన్నాయా! ఆమె వేళ్ళు విరిచింది. పది మెటికలూ టపటపా పేలాయి. మొదటి సగం ఎలాగూ గంగలో కలిసింది. ట్రయల్ పోయినా సరే, ఈ పిల్లకు మిగిలిన ఇరవై నిమిషాల్లో ఒక్క దగ్గు కూడా తక్కువ కాకూడదు.

విరామం అయింది. లెక్చరర్ నోరు తెరిచారు, ఆమె గేట్లెత్తేసింది.

‘ఆఁ, ఎక్కడున్నాం? నాలుగో అరలో. (దగ్గు.) ఎవరిదమ్మా ఆ మైకు, ఆపండి. (ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఒక పెద్దావిడ గొంతు: లేచావా, ఇంకా మంచం మీదేనా?) (నవ్వులు.) బాబూ, మీ అమ్మగారు అడిగినదానికి ముందు జవాబు చెప్పు, ఆవు సంగతి తర్వాత చూద్దాం. (పెద్ద నవ్వులు.) సరే, నా మొదటి కేసు చెప్తాను. గేదెకు జ్వరం. నేను జ్వరం చూస్తుంటే అది నా సంచిలోంచి డిగ్రీ సర్టిఫికెట్ లాగి మింగేసింది. ఏం చేస్తాం? నెమరేసేటప్పుడు బయటికొస్తుందేమోనని సాయంత్రం దాకా దాని మొహం చూస్తూ కూర్చున్నా.’

వేళ్ళు పరిగెడుతున్నాయి, గుండె వాటి వెనక రొప్పుతూ పరిగెడుతోంది. ఆమె ఓరగా చూసింది. జడ పిల్ల పెన్సిల్ జారవిడిచింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అడ్డం ఆగక బల్ల మీదికి వాలిపోయి నవ్వుతోంది. అందరితోపాటు! మహా అయితే రెప్పపాటు ఆలస్యం.

పక్కన గలగలమని చప్పుడు. అత్తగారి ఒళ్ళో గిన్నె ఒరిగి, ఒలిచిన బఠాణీలన్నీ నేల మీద పరుగు పందెం పెట్టుకున్నాయి. పెద్దావిడ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, “సర్టిఫికెటే! సాయంత్రం దాకానే!” అని మళ్ళీ మళ్ళీ అంటున్నారు. ఆ గొంతులో అంత నవ్వు విని ఎన్నేళ్ళయిందో కోడలు లెక్క కట్టలేకపోయింది. కట్టే తీరికా లేదు.

తెర మీద లెక్చరర్ చటుక్కున ఆగారు. “ఏమ్మా, కింద వరసలో అమ్మాయీ... నువ్వు ఇలా నవ్వగా చూడ్డం ఇదే మొదటిసారి!”

ఆమె అదీ రాసింది. ఈసారి అక్షరాలు కాస్త మసగ్గా కనబడ్డాయి గానీ, తప్పు పడలేదు.

క్లాసయ్యాక సంస్థ అమ్మాయి మొహం సీరియస్‌గా పెట్టుకుని వచ్చింది. “మేడమ్, నిజం చెప్తున్నా. మొదటి సగం చూసి మీ పేరు కొట్టేద్దామనుకున్నాను.”

“నేనైనా కొట్టేసేదాన్నేనండీ.”

“ఆ అమ్మాయి ఏం రాసి పంపిందో చదవనా? ‘రెండోసారి రాసిన ఆంటీ కావాలి, రోజూ కావాలి. మొదటిసారి రాసిన ఆవిడ ఎవరో గానీ, ఆవిడ మాత్రం వద్దు.’” అంటూ తనే ఫక్కున నవ్వేసింది. “వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రాగలరా?”

ఆమె కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. హెడ్‌ఫోన్ల తీగ వెనక్కి లాగి మళ్ళీ కూర్చోబెట్టింది. కూర్చుని చెప్పింది, వస్తానని.

సాయంత్రం మొగుడు ఇంటికొచ్చేసరికి తల్లి లాప్‌టాప్ ముందు కళ్ళజోడు సర్దుకుంటోంది, పెళ్ళాం ఓ చెవిన ఫోను పెట్టుకుని టకటకా టైపు చేస్తోంది.

“ఏం జరుగుతోందిక్కడ?”

“మా చెల్లెలు దాని వియ్యపురాలిని తిడుతోందిరా,” అన్నారు అత్తగారు పరమానందంగా. “అడ్డం రాకు. మంచి పట్టులో ఉంది. ఇంకో సంగతి, ఈ ఇంట్లో ఇకమీదట ‘ఏం లేదమ్మా’ అన్నవాడికి అన్నం లేదు.”

సోమవారం ఆమె సంతకం లేని ప్రమోషన్ కాగితం మీద ఒకే వాక్యం ఉన్న రాజీనామా పెట్టి ఎండీ గారికిచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు, వెనక ఇంకేదైనా రాసిందేమోనని.

“ఇంట్లో కూర్చుని టైపు చేయడమూ ఓ ఉద్యోగమేనా మేడమ్?”

“ఇక్కడా కూర్చునే చేశానండీ. కాకపోతే అక్కడ నేను రాసింది చదివేవాళ్ళున్నారు.”

నెలాఖరున ఆమె ఆఖరి మీటింగు. ఆమె వద్దనడంతో ఖాళీగా మిగిలిన ఆ తలుపున్న గది నాకంటే నాకని తోడల్లుళ్ళిద్దరూ లేచారు. కిటికీ పక్క డైరెక్టరు గారు యథాప్రకారం నిద్రలోకి జారుకున్నారు. ఎండీ గారి పెన్సిల్ లేచింది. “మేడమ్, ఇది రాయకండి.” మూల బల్ల దగ్గర టకటకలు మాత్రం ఆగలేదు.

మర్నాడు ఆయన బల్ల మీద రెండు ప్రతులు పెట్టింది. మొదటిది ఫైలుకు: ‘గది కేటాయింపుపై సభ్యులు ఆసక్తి కనబరిచారు.’ రెండోది ఆయనకు మాత్రమే, ఆరు పేజీలు. ఎండీ గారు మొదటిదాన్ని పక్కన పెట్టి రెండోది అందుకున్నారు. ఒకటో పేజీలో మీసం కదిలింది. రెండో పేజీలో ‘(కిటికీ వైపు నుంచి గురక, రెండు స్థాయిల్లో)’ అన్నచోట భుజాలు కదిలాయి. ఆయన కష్టం మీద మొహం సరిచేసుకుని తలెత్తారు.

“ఇది రాయకండి అన్నాను కదా మేడమ్?”

“అదీ రాశానండీ,” అందామె చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ. “మూడో పేజీలో ఉంది.”