మేడ మీద గదికి బోర్డు

అక్క ఇస్త్రీ షాపు తలుపు తీసేసరికే మందుల షాపాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితం పొట్లంతో. విప్పి చూడక్కర్లేదు. ఆయన షాపు బోర్డు నుంచి రాలిన రెండు వత్తులు, ఒక దీర్ఘం ఉంటాయి. తమ్ముడు నిన్న మళ్ళీ తాగాడన్నమాట.

ఆ ఊళ్ళో బోర్డులన్నీ తమ్ముడు రాసినవే. పెయింటర్ అంటే వాడొక్కడే. వాడి చేతిరాతంటే అందరికీ మోజు. కాకపోతే వాడు తాగిన రోజున వాడు రాసినవి రాలిపోతాయి. ముందు కింద వేలాడే వత్తులు, తర్వాత దీర్ఘాలు, మరీ మితిమీరితే అక్షరాలకి అక్షరాలే. వీధులూడ్చేవాళ్ళు పాపం చెత్తలో కలపకుండా తీసిపెట్టి అక్కకి ఇచ్చి పోతుంటారు. వాడు తేరుకున్నాక నిచ్చెన వేసుకుని మళ్ళీ రాసొస్తాడు.

ఇదివరకు నెలకోసారి. ఇప్పుడు రోజూ. ఊరు సగం బోసిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే లివర్ తన చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. అక్క తిట్టింది, బతిమాలింది, ఒట్లు వేయించుకుంది, సీసాలు దాచింది. ఏం చేసినా గోడకి చెప్పినట్టే. వాడు తలూపుతాడు, సాయంత్రానికి మాయమవుతాడు.

మానేసినవాళ్ళూ, మానలేక అవస్థ పడేవాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారని ఆ డాక్టరే చెప్పాడు. గ్రంథాలయం వెనక సందు, మేడ మీద గది, మంగళవారం సాయంత్రం ఆరింటికి. ముందు తను చూసొద్దామని అక్క బయల్దేరింది. తన వీధి దాటి వెళ్ళేదే తక్కువ. తీరా వెళ్తే ఏది గ్రంథాలయమో, ఏది ఆఫీసో, ఏది వీధి పేరో, ఒక్క బోర్డు మీదా అక్షరం లేదు. తమ్ముడు ఆ వారమంతా తెగ తాగాడు మరి. ఒక మేడెక్కితే టైపు నేర్చుకుంటున్నారు. ఇంకో మేడెక్కితే పళ్ళ డాక్టరు. దారి అడుగుదామని నోరు తెరవగానే ఆయన నోట్లోకి లైటు వేసేశాడు. అక్కడినుంచి బయటపడి సరైన మెట్లెక్కేసరికి ఏడుంపావైంది. గదిలో ఒక పెద్దాయన ఒక్కడే కుర్చీలు మడుస్తున్నాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరట. తాగుడు మానేసి పంతొమ్మిదేళ్ళయిందట.

అక్క ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అతనంతట అతనే రావాలమ్మా" అన్నాడు. "మీరు లాక్కొస్తే తలుపు దాకా వస్తాడు, అంతే."

"మరి నేనేం చెయ్యనన్నా?"

నాకూ తెలీదమ్మా అంటూ ఆయన ఇంకో కుర్చీ మడిచాడు. అక్క మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది. మీకో బోర్డు కావాలని కబురు పెట్టండి, పనంటే వస్తాడు, పనయ్యేదాకా ముట్టడు, అంది. వచ్చేవాళ్ళు సిగ్గుపడతారని డ్రైవరు ఇన్నేళ్ళూ బోర్డే పెట్టలేదు. కాసేపు ఆలోచించి, 'మేడ మీద గది, మంగళవారం ఆరింటికి' అని మాత్రం రాయిద్దామన్నాడు. అవీ రాలిపోతాయి కదా అని అక్కే గుర్తుచేసింది. రాలితే రాలనీ అన్నాడాయన.

గురువారం పెయింటర్ వచ్చాడు. సుద్ద దారంతో గీత కొట్టి, మధ్యాహ్నానికల్లా ముత్యాల్లా రాశాడు. ఎవరి గదో అర్థమై ముఖం మాడ్చుకున్నాడు. డ్రైవరు పైకి పిలిస్తే, నేను పనికొచ్చాను, నాకేం రోగం అనేసి దిగిపోయాడు. శనివారం దాకా ఓర్చుకున్నాడు. శనివారం తాగాడు.

మంగళవారం ఐదున్నరకి అక్క వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది, కనీసం మళ్ళీ రాసిపెట్టమని. బోర్డు బోడిగా ఉంది. అక్షరాలన్నీ మెట్ల పక్కన కుప్పగా ఊడ్చిపెట్టి ఉన్నాయి. వాడు రంగు డబ్బా మూత తీయబోతే చేతులు వణికి మూత రాలేదు. అక్క అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే సందులోకి ఒక ముసలావిడ వచ్చింది, చేతిలో చీటీతో. వెనకాల తల దించుకుని కొడుకు. ఆవిడ చీటీ చూసి, ఆ గోడా ఈ గోడా చూసి తెల్లబోయింది.

"ఇక్కడేం లేదమ్మా" అన్నాడు కొడుకు. "పద, పోదాం."

ఆ గొంతులో ఎంత ఊరట ఉందో పెయింటరుకి తెలుసు. అతనింక ఈ సందులోకి మళ్ళీ రాడనీ తెలుసు. తల్లీకొడుకులు వెనక్కి తిరిగారు. వాడు డబ్బా వదిలేసి పరుగెత్తాడు.

"ఆగండమ్మా. ఇక్కడే, మేడ మీద."

"బోర్డేదీ నాయనా?"

"రాలిపోయింది. నావల్లే."

ఆవిడ మెట్లకేసి చూసి, మోకాళ్ళు సహకరించవు, వీణ్ణి నువ్వే తీసుకెళ్ళు బాబూ అంది. పెయింటర్ ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు. అక్క కిందే నిలబడింది. ఇద్దరూ మెట్లెక్కారు. దిగబెట్టి వచ్చేస్తాడనే అక్క అనుకుంది. పైన తలుపు తెరుచుకుంది.

"ఎన్ని కుర్చీలు వెయ్యనయ్యా?" అని డ్రైవరు గొంతు వినిపించింది.

"ఒకటి" అన్నాడు తమ్ముడు. అక్క కళ్ళు మూసుకుంది. పైన ఒక కుర్చీ విప్పిన చప్పుడైంది, తర్వాత మళ్ళీ తమ్ముడి గొంతు.

"రెండు వెయ్యండి."