మగచెట్టు కాపు

గ్యాలరీ గోడలకు ఇరవై బొమ్మలు తగిలించి, చిత్రకారిణి తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అన్నీ మొక్కలే. ఒకే తీగకు ఆడపువ్వులూ మగపువ్వులూ పూసే కాకర, రెండూ ఒకే పువ్వులో దాచుకున్న మందారం, ఆడతీగ ఒకచోటా మగతీగ ఒకచోటా ఉంటే తప్ప కాయని ఆకాకర. ఊరంతా వచ్చి మెచ్చుకున్నా ఆమెకు పట్టదు. నాన్న వస్తాడా, వస్తే ఏమంటాడోనన్నదే ఆమె బెంగ.

కొడుకుగా పెరిగిన బిడ్డ, తాను కూతురినని చెప్పి నాలుగేళ్లయింది. నాన్న తిట్టలేదు, గెంటలేదు. పిలవడం మానేశాడు, అంతే. ఫోనులో పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. తన నర్సరీలో వేల మొక్కల పేర్లు తడుముకోకుండా చెప్పే మనిషికి, కన్నబిడ్డను ఏమని పిలవాలో తెలియలేదు.

నర్సరీలో ఆయన గుంటకు మూడు బొప్పాయి మొక్కలు నాటేవాడు. పూత వచ్చాక, పొడుగు కాడలకు గుత్తులుగా పూసినవి మగవని పీకేసేవాడు. పనుల్లో పడి ఒకదాన్ని వదిలేస్తే, మరుసటి ఏడు అది ఆ కాడలకే కాయలు కాసింది. ప్రదర్శనలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ అదే.

పేపర్లో వారంవారం తోటల గురించి రాసే పెద్దమనిషి దాని ముందు ఆగి పెదవి విరిచాడు. మగచెట్టు కాయడమేమిటి, కళ పేరుతో కట్టుకథలల్లుతారా అన్నాడు. ఆయనకు తెలియనిది లోకంలో లేదు మరి. గ్యాలరీ నడిపే ఆవిడ బెదిరిపోయి, పోనీ దించేద్దామా అని చిత్రకారిణి చెవిలో అడిగింది.

అప్పటికే నాన్న వాళ్ల వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు. గోళ్లలో మట్టి కూడా పోలేదు. బొమ్మ దగ్గరకు వెళ్లి, కాడ దగ్గర్నుంచి కాయ దాకా తీరిగ్గా చూశాడు.

"కాస్తుందండీ. మా నర్సరీలోనే కాసింది. మగదని తేల్చేసింది నేనే. చెట్టు తప్పేం లేదు, తొందరపడింది నేను."

పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని, మీరెవరని అడిగాడు.

"ఈ బొమ్మ వేసింది మా అమ్మాయి," అన్నాడు నాన్న.

నాలుగేళ్ల బరువు ఆమె గుండెల మీంచి ఒక్కసారిగా దిగిపోయింది. అంతమందిలో సిగ్గుపడకుండా ఏడ్చేసింది. నాన్న కంగారుపడి జేబు రుమాలు తీశాడు. అది తన చేతులకన్నా మట్టిగొట్టుకుని ఉందని చూసుకుని, చొక్కా అంచుతోనే ఆమె కళ్లు తుడిచాడు.