లాక్‌ప్లేటు మీద తుప్పు మచ్చ

చలపతికి తుప్పంటే పగ. మామూలు పగ కాదు, ఏడు తరాల పగ. మెదక్ దగ్గర ఆయుధాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన తండ్రి నేర్పిన మొదటి పాఠమే అది: ఒట్టి చేత్తో ఉక్కును ముట్టుకోకు. చేతి చెమటలో ఉప్పుంటుంది. వేలు పెట్టిన చోట నాలుగు రోజులు తిరిగేసరికి వేలి గీతలతో సహా తుప్పు తేలుతుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెకొచ్చి పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా ఆ పాఠం మాత్రం ఆయన్ను వదల్లేదు. వారమంతా కీబోర్డు, శనివారం వస్తే ఇంటి కింద కెల్లర్‌లో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి పాత సైనిక తుపాకులు. ఏది ఏ ఏటిదో గుర్తుపట్టడం, విప్పడం, బాగుచేయడం. ఇదేం పిచ్చిరా నాయనా అని ఇంట్లోవాళ్లు తల పట్టుకున్నా ఆయన చెవిన పడేది కాదు.

ఆ పిచ్చి అంటుకున్నది ఒక్కడికే. రాజమండ్రి కుర్రాడు శశికాంత్, ఆఫీసులో పక్క సీటు. కుర్రాడంటే ముప్ఫై ఎనిమిదేళ్లు, భార్య భానుప్రియ, ఎనిమిదేళ్ల కూతురు సహస్ర. కిందటేడు పాత సామాన్లమ్మే ఫ్లోమార్క్ట్‌లో కర్టెన్ కడ్డీల మధ్య పడున్న ఒక పొడవాటి తుపాకిని అతను మోసుకొచ్చాడు. నిలువెల్లా తుప్పు.

"నకిలీ అయ్యుంటది, గోడకు తగిలిచ్చుకునే బొమ్మ," అన్నాడు చలపతి, చూడగానే.

శశికాంత్ వినలేదు. రెండు శనివారాలు నూనె రాస్తూ కూర్చుంటే, ట్రిగ్గర్ పైన పక్కగా ఉండే లాక్‌ప్లేటు మీద ముందు కిరీటం బయటపడింది, తరువాత టవర్ అన్న ముద్ర, దానిపైన 1858. బారెల్‌ను చెక్కలోంచి లేపి చూస్తే అడుగున తనిఖీ ముద్రలు వరసగా ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం వాడిన అసలు సిసలు ఎన్‌ఫీల్డ్. మందు కూరి ఒక్క గుండు కాల్చే అంత పాతదానికి ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదు. శశికాంత్ ఆ చీకటి కెల్లర్‌లో చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

అంతా బాగానే ఉంది కానీ అతనికో అలవాటుండేది. పని మొదలుపెట్టే ముందు స్క్రూడ్రైవరైనా సరే, తుపాకి ముక్కైనా సరే, రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకునేవాడు. అదీ ఒట్టి చేతులతో. చలపతికి ఒళ్లు మండేది.

"గ్లౌజులు ఏస్కోవయ్యా. దండం పెట్టాలంటే దూరం నుంచి పెట్టు."

"దూరం నుంచి పెడితే దణ్ణం ఎలా అవుతుందండీ? టాటా చెప్పినట్టుంటుంది."

మార్చిలో ఒక పొద్దున శశికాంత్ ఆఫీసుకు బయలుదేరి ట్రామ్ స్టాపులో కుప్పకూలాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఇక్కడే దహనం చేశారు. కాగితాలన్నీ అయ్యాక అతని తమ్ముడొచ్చి అస్థికలు గోదావరికి తీసుకెళ్లాడు. ఆ మనిషి ఇల్లంతా తిరిగాడనడానికి చెప్పులు, చార్జర్లు తప్ప ఏమీ మిగల్లేదు.

రెండు నెలల తరువాత భానుప్రియ ఆ తుపాకి ముక్కల్ని దుప్పటిలో చుట్టి తెచ్చింది. విప్పి ఇంటికి తీసుకెళ్లినవాడు మళ్లీ బిగించనే లేదు.

"అన్నయ్య గారూ, మైల బట్టలని మా అత్తగారు ఫోన్లో చెబితే మూడో రోజే ఆయన చొక్కాలన్నీ మెషీన్లో వేసేశానండీ. ఇప్పుడు ఏది వాసన చూసినా సబ్బే. ఆయన చెయ్యి పడింది పడినట్టుగా ఉన్నది ఇదొక్కటే. కాస్త పూర్తిచేసి ఇవ్వండి, గోడకు పెట్టుకుంటాం."

"నువ్వేం రంది పడకు చెల్లె. నా సొంతదాన్ని కూడా గంత మంచిగ చెయ్యను," అన్నాడు చలపతి. అన్న మాట నిలబెట్టుకోవాలని ఆయన గుండెలో గట్టిగా అనుకున్నాడు. ఆమెకు ఇంకేం చేయగలడు?

మూడు శనివారాలు పట్టింది. చెక్క మీద ఎవరో సిపాయి గోరంత అక్షరాలు రెండు చెక్కుకున్నాడు. ఎవడో, ఏ ఊరివాడో. వాటి జోలికి వెళ్లకుండా చుట్టూ బట్టతో ఎంత మెల్లగా తుడిచాడో చూస్తే కన్నతల్లి కూడా అంత మెల్లగా బిడ్డ మొహం తుడవదనిపిస్తుంది. పాత సొట్టల్ని, గీతల్ని చెరపకూడదు, అవి తుపాకి జీవితం. ఈ పనిలో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

లాక్‌ప్లేటు చేతికి తీసుకునేసరికి కిరీటం కింద గోధుమరంగు మచ్చ కనిపించింది. భూతద్దం పెట్టాడు. బొటనవేలు. గీత గీతా లెక్కపెట్టొచ్చు.

"ఎన్నిసార్లు చెప్పినా ఇనకపోతివి గదరా," అన్నాడు పైకే. కళ్లు తడయ్యాయి. రెండు చుక్కల నూనె, సన్నటి ఉక్కు పీచు. రెండు నిమిషాల్లో మచ్చ మాయమైంది. స్నేహితుడి తప్పు నలుగురి కంట పడకుండా కాపాడానన్న తృప్తి కూడా కలిగింది ఆయనకు. ఎంత అమాయకుడో చూడండి.

ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లి వాళ్ల సోఫా మీద పెట్టి బట్ట విప్పాడు. తుపాకి మిలమిలలాడుతోంది. భానుప్రియ రెండు చేతులూ జోడించింది. సహస్ర మాత్రం తిన్నగా లాక్‌ప్లేటు దగ్గరకు వెళ్లి వంగి చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"వో ఇస్ట్ పాపాస్ డౌమెన్?" అంది. నాన్న బొటనవేలు ఏదీ అని.

చలపతి భానుప్రియ వైపు చూశాడు.

భానుప్రియ మెల్లగా చెప్పింది. ఆ మచ్చ తేలిన రోజు శశికాంత్ కూతురికి చూపించి, చలపతి అంకుల్ చూస్తే నన్ను చంపేస్తాడమ్మా అని నవ్వాడట. అతను పోయాక ఆ పిల్ల రోజూ బడికెళ్లే ముందు దానిమీద తన బొటనవేలు ఆనీ ఆనకుండా పెట్టి వెళ్లేదట. తుపాకి ఇవ్వనని ఏడిస్తే, అంకుల్ జాగ్రత్తగా చూసుకుంటారని నచ్చజెప్పి తెచ్చిందట.

"మీకు తెలియంది కాదు కదా అని విడిగా చెప్పలేదండీ."

"నేనే చెరిపేసిన చెల్లె," అన్నాడు చలపతి. "చూసిన. వానిదే అని తెలుసు. తెలిసే చెరిపేసిన." ఎవరో ముక్కూమొహం తెలియని సిపాయి గీతల్ని కాపాడినవాడు సొంత మనిషి వేలిని తుడిచేశాడు.

భానుప్రియ ఆయన ముందు మంచినీళ్లు పెట్టింది.

"ఊరుకోండి అన్నయ్య గారూ. నేను మాత్రం చొక్కాలు ఉతకలేదా," అంది. తిట్టినా బాగుండేదనిపించింది చలపతికి.

ఈలోగా సహస్ర కిరీటం కింద, ఆ పాత చోటే, తన బొటనవేలు గట్టిగా అదిమి పట్టుకుంది. ఇంకో రోజైతే చలపతి అరిచి ఉండేవాడు. జేబులో నూనె బట్ట ఉంది కానీ ఆయన చెయ్యి అటు వెళ్లలేదు.

"అంకుల్, ఎన్ని రోజులకు వస్తుంది?" అని అడిగింది.

"నాలుగు రోజులు బిడ్డా."

పిల్ల వేలు తీసి చూసుకుంది. ఆలోచించింది.

"కానీ అప్పుడు వచ్చేది నాది కదా," అంది. "నాన్నది కాదు కదా."