కామయ్య మొదటి పేజీ

అచ్చాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన ఆ పెద్దమనిషిని అందరూ కామయ్య అనేవారు. అది ఆయన అసలు పేరు కాదు. ఒకసారి మిషనెక్కిన అచ్చు ఫారాన్ని ఒక్క కామా కోసం ఆపించినందుకు తగులుకున్న పేరు. రిటైరైన రోజు సాయంత్రం ఆయన అక్కకి మాటిచ్చాడు.

"నీ పాలవ్యాను సంగతంతా పుస్తకంగా రాస్తానక్కా. రేపే మొదలుపెడతా."

కామయ్య అక్క ఆ ఊళ్లో వ్యాను నడిపిన మొదటి ఆడమనిషి. ఇరవై రెండో ఏట మొదలుపెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా, కొండమీది కాలనీలకి పాలసీసాలు చేర్చింది. పెళ్లీ పెటాకులూ అంటూ ఎవరైనా నసిగితే హారన్ కొట్టేదట.

ఆ రేపు మూడేళ్లయినా రాలేదు. అలాగని కామయ్య చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బల్లని కిటికీ దగ్గరికి జరిపాడు. ఎండ కళ్లలో పడుతోందని మళ్లీ గోడవారకి జరిపాడు. గీతల నోటుబుక్కు కొన్నాడు. గీతలు అడ్డమనిపించి తెల్లకాగితాలది కొన్నాడు. కుర్చీ కిర్రుమంటోందని వడ్రంగిని పిలిపించాడు. అన్నీ అమిరాక ఒకనాడు "మా అక్క" అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయబోయినా అందులో తప్పు ముందే కనబడింది. కొట్టేశాడు. ఇన్నేళ్లూ పరాయివాళ్ల తప్పులు పట్టిన కళ్లు ఆయన ఇంకా రాయని వాక్యంలోనూ తప్పు పట్టేసేవి.

"ముందు ఏదో ఒకటి రాసేయండి. దిద్దుకోవడం మీకు కొత్తా?" అంది భార్య.

"ఏదో ఒకటి రాసిపారెయ్యడానికి అక్కేమన్నా ఎవరో ఒకావిడా?"

ఆ మాటలో ఉన్న ప్రేమ భార్యకి తెలుసు. దాని చాటున దాక్కున్న భయమూ తెలుసు.

అక్క రెండు వీధుల అవతల ఉండేది. ప్రతి సోమవారం వచ్చి, "ఎంతదాకా వచ్చిందిరా?" అని అడిగేది.

"ఆలోచిస్తున్నానక్కా."

"బండి స్టార్టు చెయ్యకుండా గేర్లు మారుస్తున్నావురా నువ్వు."

ఒక సోమవారం ఆవిడ ఆ ప్రశ్న అడగలేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసిన నాలుగు పేజీలు తమ్ముడి ముందు పెట్టింది.

"నేనే రాసేసుకున్నాన్రా. నీకు శ్రమ తప్పింది. అక్షరాలు మాత్రం ఒకసారి చూసిపెట్టు" అని, మరదలితో కబుర్లకి వంటగదిలోకి వెళ్లిపోయింది.

కామయ్యకి మొహం చెల్లలేదు. కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "మొదటి రోజు ఆకుపచ్చ వ్యానులో బయల్దేరాను." ఆకుపచ్చా? అది నీలం వ్యాను! చెయ్యి దానంతటదే ఎర్రకలం అందుకుంది. రెండు ఒత్తులు సరిచేశాడు, ఒక దీర్ఘం తీసేశాడు. కింది వాక్యం దగ్గర కలం ఆగింది.

"తోడుగా మా తమ్ముడు ధైర్యంగా పక్కన కూర్చున్నాడు."

ఆడపిల్ల ఒక్కతీ వెళ్లడానికి వీల్లేదని నాన్న పట్టుబడితే, పంతొమ్మిదేళ్ల తమ్ముడు తోడు వెళ్లిన మాట నిజం. కానీ కొండదారి మూడో మలుపులోనే ఆ తోడు కడుపులో ఉన్నదంతా వాంతి చేసుకున్నాడు. అక్క బండి పక్కకి ఆపింది. చుట్టుపక్కల నీళ్లు లేవు. పాలసీసా మూత తీసి, ఆ పాలతోనే వాడి మొహం కడిగింది. సీసా చేజారి పగిలిందని డెయిరీలో చెప్పి, ఉద్యోగం మొదటిరోజే చివాట్లు తింది. ఇంటికొచ్చాక నాన్న అడిగితే, "వీడు లేకపోతే నావల్ల అయ్యేది కాదు నాన్నా" అంది.

కామయ్య ఇదంతా మార్జిన్‌లో రాయబోయాడు. చోటు చాల్లేదు. కాగితం తిప్పితే అటువైపు తేదీలున్నాయి. సొరుగులాగి తెల్ల నోటుబుక్కు తీశాడు. ఒకే వరసలో "అక్క" మూడుసార్లు పడింది. చూశాడు, కానీ ఆగలేదు. ఆగితే పాలు కారుతున్న ఆ మొహం జారిపోయేలా ఉంది.

కాఫీ తెచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడి, నోటిమీద వేలు పెట్టుకుని వదినగారికి సైగ చేసింది. కానీ ఆ వదినగారికి ఊరుకోవడం ఏనాడు చేతనైంది?

"ఏరా, అన్ని తప్పులున్నాయా?"

"తప్పులు కాదు, అబద్ధాలున్నాయి. వ్యాను నీలం."

"నీలమా?" అక్క తడుముకుంది. "ఆకుపచ్చది తర్వాత వచ్చిందేమో... ఈమధ్య అన్నీ కలిసిపోతున్నాయిరా."

ఆ మాట కామయ్యకి ఎక్కడో కలుక్కుమంది. పైకి మాత్రం, "నేను ధైర్యంగా కూర్చున్నానని ఎందుకు రాశావ్?" అన్నాడు.

"నలుగురూ చదివేది కదా! తమ్ముడి పరువు చూసుకోవద్దూ?"

ఆయన నోటుబుక్కు ఆవిడ చేతికిచ్చాడు. అక్క చదువుతూ మొదట పకపకా నవ్వింది. ఆఖరి వరసకి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"నాన్నతో అన్న మాట నువ్వు విన్నావుట్రా?"

"విన్నా. రెండోరోజు నేను రాలేదు కదా. ఒక్కదానివే వెళ్లావు. ఏం జరిగిందో చెప్పు, రాసుకుంటా."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నందాకా ఇంట్లో ఎవరూ భోజనం మాటెత్తలేదు.

సోమవారం రాకడ కాస్తా రోజూ రాకడైంది. కామయ్య మొరాయించిన రోజులు లేకపోలేదు. అలాంటి రోజున తప్పుల తడకగా ఒక పేజీ రాసి పెట్టుకునేవాడు, మర్నాడు దిద్దడానికి పని ఉంటుందని. ఏడాది తిరిగేసరికి తొంభై పేజీలయ్యాయి. పాత స్నేహితులు అచ్చాఫీసులో కుట్టించి, అట్టవేసి ఇచ్చారు.

అక్క రెండు రోజులు కూర్చుని మొత్తం చదివింది. పుస్తకం మూసి, దాని అట్టమీద చెయ్యి వేసింది.

"ఇంత పని చేశానా నేను?"

"చేశావక్కా."

"చేస్తున్నప్పుడు తెలియలేదురా" అని, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటి పేజీ తీసింది.