పెద్దరాజుగారి గుమ్మము

వైశాఖమాస మధ్యాహ్నవేళ ప్రచండమార్తాండకిరణసంతప్తమైన విశాఖపట్టణ సముద్రతీరమున కెరటములు సైతము అలసి మెల్లగా ఒడ్డునకు వచ్చుచుండ వేడిగాలికి కొబ్బరిమట్టలు గలగలలాడుచుండ రేవున కెదురుగా నున్న సాగరసేతు నిర్మాణసంస్థవారి కార్యాలయమున శీతలయంత్రములు హోరుమని చల్లగాలిని వెదజల్లుచున్నను ఒక్కరి మొగమునను చల్లదనము లేకుండెను. నూతన సర్వరును ప్రతిష్ఠించి గుమ్మడికాయ కొట్టి హారతి యిచ్చిన నాటినుండియు ఆ సంస్థ పనులన్నింటిని నడపు సాఫ్టువేరు వేగము పుంజుకొనుటకు మారుగా కదలనని మొండికేసి కూర్చుండెను. ఒక పనిని నమోదు చేసి మీట నొక్కినచో తెరపై చిన్న చక్రము గిరగిర తిరుగుచుండెను. గుమాస్తా పోయి కాఫీ త్రాగి వచ్చినను అది తిరుగుచునే యుండెను. నాగావళిపై వంతెన కట్టుచున్న ఇంజనీర్లు ఆ చక్రమును చూచి చూచి విసిగి ఫోనులలో కేకలు వేయుచుండిరి.

ఈ సర్వరు మార్పును పట్టుబట్టి సాధించినది గేదెల పైడితల్లి యను ఇంజనీరు. ఆ కార్యాలయమందలి కంప్యూటర్లన్నింటికి ఆమెయే పెద్దదిక్కు. ఆమె సాఫ్టువేరు అమ్మినవారిని పిలిపించి యడుగగా వారు మెమరీ చాలలేదనిరి. మెమరీ పెంచగా నెట్‌వర్కు బాగులేదనిరి. నెట్‌వర్కు బాగుచేయగా మీ సిబ్బందికి వాడుట రాదనిరి. ఇట్టి సలహాల నిచ్చుటకు అంత యెండలో మెడకు టై బిగించుకొని రావలసిన యవసరమేమో నాకు నేటికిని బోధపడదు.

ఆనాడు సంస్థాధిపతి యగు రంగరాజు సిబ్బంది నందరిని నడుమహాలునకు పిలిపించి వారి యెదుట పైడితల్లిని నిలువబెట్టెను.

"చూడమ్మా, సాయంత్రంలోగా ఇది బాగుపడకపోతే నువ్వు వెళ్ళిపోదువుగాని. లేదంటావా, తప్పు నాదేనని అందరి ముందూ ఒక్కమాట చెప్పెయ్. ఉద్యోగం ఉంటుంది."

"ఉద్యోగం కోసం చెయ్యని తప్పు ఒప్పుకోమంటే ఎలాగండి? నేనొప్పుకోను సార్," అని ఆమె తల యెత్తియే పలికి తన బల్లవద్దకు పోయి కూర్చుండెను. అందులకే ఆమె యనిన నాకు గౌరవము.

ఇట నొక సంగతి విన్నవింపవలయును. ఈ సంస్థను స్థాపించినవాడు రంగరాజు తండ్రి. ఆయనను అందరును పెద్దరాజుగారనియే పిలిచెడివారు. ఆయన జీవించియున్నంత కాలము తన గది తలుపు మూసి యెరుగడు; తాపీమేస్త్రియైనను నేరుగా లోనికి పోయి తన గోడు చెప్పుకొనవచ్చును. ఆయన స్వర్గస్థుడైన పిదప కుమారుడు భక్తితో ఆ గదికి తాళము వేయించి తలుపునకు పూలదండ వేలాడదీయించెను. సిబ్బందియు తక్కువ తినలేదు. సాఫ్టువేరులో ఏ పని నమోదు చేసినను దానిని ఎవరెవరికి మెయిలుద్వారా తెలియజేయవలయునో వ్రాయుచోట మొట్టమొదట పెద్దరాజుగారి పేరు వ్రాయుట, పిదప రంగరాజు పేరు వ్రాయుట అచట ఆచారమై స్థిరపడిపోయెను. ఆ పేరు విడిచిన పని కలిసిరాదని అందరి నమ్మకము. పైడితల్లియు నిన్నటివరకు అట్లే వ్రాయుచు వచ్చెను.

ఆ యపరాహ్ణమున ఆమె పరీక్షార్థమై ఒక ఉత్తుత్తి పనిని నమోదు చేయుచు కోపోద్రేకమున పెద్దరాజుగారి పేరు మరచి తన పేరు మాత్రమే వ్రాసి మీట నొక్కెను. చక్రము తిరుగనేలేదు. పని త్రుటిలో నమోదయ్యెను. ఆమె ఉలికిపడి పెద్దరాజుగారి పేరు చేర్చి మరల నొక్కెను. చక్రము తిరుగసాగెను.

అప్పుడామెకు సర్వము అవగతమయ్యెను. పెద్దరాజుగారి మెయిళ్లు మూలనున్న పాత యంత్రమునకు పోయి మారుమాట లేక అందులో పడియుండెడివి. మార్పునాడు అందరి మెయిళ్లను క్రొత్తదానికి తరలించి పాతదానిని ఆర్పివేసిరి. చనిపోయినవారి మెయిలును తరలింపుమని యడుగువారు లేకపోయిరి. కావున క్రొత్త సర్వరు ప్రతి పనికిని ముందుగా ఆ మూగయంత్రము తలుపు తట్టి, పలుకునేమో యని వేచి వేచి, నిరాశపడిన పిమ్మటగాని తక్కినవారివంక తిరుగకుండెను.

ఆమె తన బల్లవద్దనుండియే యీ విషయము విన్నవించి ఆ పేరును తొలగించెదననగా రంగరాజు కన్నులెర్రజేసెను.

"మా నాన్నగారి పేరు తీసేస్తావా? ఎంత ధైర్యం నీకు! ఆయనకి కొత్త మెయిలు పెట్టు, సరిపోతుంది."

"పెట్టగలను సార్, పెద్ద పనేం కాదు. కానీ ఎవరు చదువుతారు? వంతెన దగ్గర్నుంచి ఏ సందేహం వచ్చినా ముందు ఆయన పేరే. పెద్దాయనకి చెప్పేశాం కదాని వాళ్ళు ఊరుకుంటున్నారు, నా పేరు రెండోది కదాని మీరు ఊరుకుంటున్నారు. పెద్దరాజుగారు ఏనాడూ ఎవర్నీ గుమ్మం బయట నిలబెట్టలేదు. ఆయన పేరు చెప్పి మనం అందర్నీ నిలబెట్టేస్తన్నాం సార్."

వలదని రంగరాజు చేయి యెత్తునంతలో ఆమె అన్ని పనులనుండియు ఆ పేరును తొలగించి మీట నొక్కెను. వెంటనే ఫోనులు మ్రోగుట ఆగిపోయెను. ప్రతి బల్లమీది తెరపైనను పుటలు చకచక తెరచుకొనసాగెను. ఒకడు ఆనందమున చప్పట్లు కొట్టబోయి యజమాని మొగము చూచి చేతులు దించుకొనెను.

"ఇప్పుడు వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను సార్. ఆ పేరు మాత్రం నేను తిరిగి పెట్టను," అని ఆమె లేచి నిలిచెను.

రంగరాజు బదులు పలుకబోవునంతలో ఆయన జేబులోని ఫోను మ్రోగెను. వంతెన చెంతనుండి ఒక ఇంజనీరు సాఫ్టువేరులో పంపిన సందేహమది: స్తంభపు పునాదిలో నీరూరుచున్నది, కాంక్రీటు పోయవలయునా ఆపవలయునా? పైభాగమున రంగరాజు పేరొక్కటియే యుండెను. ఆయన దానిని చదివి మరల చదివెను. ఆయన మొగమున కోపము పోయి భయము, భయము వెనుక ఏదో సిగ్గు కనబడెను.

"నీ సంగతి తర్వాత మాట్లాడదాంలే. కూర్చో. ముందు వాళ్ళకి జవాబివ్వాలి."

అని ఆయన తన గదికి పోక తండ్రి గదివద్దకు నడచి తాళము తీయించి లోనికి పోయి కాంక్రీటు ఆపుమని బదులు వ్రాసెను. పైడితల్లి సంగతి మాటాడుటకు ఆయనకు మరల తీరికయే చిక్కలేదు. తలుపునకున్న పూలదండ వాడి రాలిపోగా మరియొకటి ఎవరును కట్టలేదు. కట్టుటకు ఆ తలుపు మరల మూయబడినదే లేదు.