ముంబై కాపలా, కోడుమూరు తక్కెడ

ముంబై నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని హులిగెమ్మ రేషను డీలరు లక్ష్మీనరసయ్య దగ్గరికి పోయింది. కోడుమూరు పక్కనున్న ఆ పల్లెలో ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది ఆయనొక్కడే.

"ఏమ్మే, నీకు నాలుగు కంపెనీల్లో షేర్లుండాయంట! ఇంత ఆస్తి పెట్టుకోని చౌక బియ్యం తింటాండావా?"

బియ్యం కోసం ఆమె తెచ్చిన తెల్లకార్డును ఆయన గల్లాపెట్టెలో వేసి తాళం పెట్టాడు.

రెండేళ్ల కిందట గ్యాసు పొయ్యి ఇప్పిస్తామని ఎవరో వచ్చి, వీధిలో ఆడవాళ్ల ఫోటోలు తీసి, వేలిముద్రలు వేయించుకుపోయారు. పొయ్యి రాలేదు. ఆ ముద్రలతో ఆమె పేరున షేర్లు కొంటూ, అమ్ముతూ లాభం మూటగట్టుకుంటున్నారని, ఉత్తరం వచ్చిన వారం తర్వాత జీపు దిగిన ఆఫీసరు చెబితేగానీ తెలియలేదు. షేర్ల మార్కెట్టులో మోసాలు జరగకుండా కాపలా కాసే ఆఫీసట వాళ్లది. ఊళ్లో ఉన్న ఒక్క బెంచీ రేషను దుకాణం ముందరే కాబట్టి ఆయన అక్కడే కూర్చున్నాడు.

"అవి నావి కాదని ఒక ముక్క రాసియ్యి సారూ. కార్డు పోతే పిల్లోళ్లకు సంగటి గూడా ఉండదు."

"విచారణ తేలాలమ్మా. అప్పటిదాకా రికార్డులో అవి మీవే."

"ఎప్పటికి తేలుతాది?"

"మూడేళ్లు పట్టొచ్చు."

"మూడేండ్లు ఆకలి గూడా రికార్డులోనే ఉంటాదా సారూ?"

ఆఫీసరు కాగితం తీశాడు. "మీరు పేదవారని తెలిసేలా ఏదైనా చెప్పండి. నెలకు బియ్యం ఎంత వస్తాయి?"

"రాసేది ఇరవై కేజీలు. తక్కెట్లో పడేది పదహారు."

గడపలో నిలబడిన లక్ష్మీనరసయ్యకు దగ్గు తెర వచ్చింది.

"తూకం మా పరిధిలోకి రాదు," అన్నాడు ఆఫీసరు. అయినా వాంగ్మూలంలో అక్షరం వదలకూడదని వాళ్ల నియమం. ఇరవై, పదహారు అని ఇంగ్లీషులో రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని, గుండ్రటి సీలు కొట్టాడు.

జీపు కదిలీ కదలకముందే లక్ష్మీనరసయ్య హులిగెమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఆ కాగితం యాడికి పోతాది?"

"ముంబైకంట."

"నా పేరు రాసినాడా?"

"నాకేం తెలుసప్పా? ఇంగ్లీషు నీకు గదా వచ్చేది."

ఆయన గల్లాపెట్టె తెరిచాడు. కార్డును పంచె చెంగుతో తుడిచి రెండు చేతులా అందించాడు. "ఎగతాళికి అన్న్యా తల్లీ. కార్డెందుకు పోతాది?" ఇరవై కేజీలు తూచాడు. ఆమె మళ్లీ తూచమంది. మళ్లీ తూచాడు.

ముంబై ఆఫీసు శానా గట్టిదని హులిగెమ్మ ఊరంతా చెప్పింది. ఆమె పేరున షేర్లు కొన్నవాళ్లు మాత్రం ఇంకా దొరకలేదు.