తొమ్మిది పీలికలు

ఆదివారం తొమ్మిది నుంచి రెండింటి దాకా కరెంటు ఉండదని ముందురోజే మెసేజ్ వచ్చింది. తీగల మీద వాలిన కొమ్మలు కొడతారట. అది చదివి అందరూ విసుక్కునే ఉంటారు. నాకు మాత్రం లోపల ఏదో ఉత్సాహం పుట్టింది. ఇంట్లో ప్లగ్గులన్నీ ఒక్కసారే పీకేసినా ఎవరికీ ఇబ్బంది లేని ఐదు గంటలు అవి.

ఈ ఇంటికి వచ్చి ఐదు నెలలు. నలభై ఏడో ఏట పెళ్లి చేసుకున్నాను. నాకిది మొదటిది, మురళీకృష్ణ గారికి రెండోది. కడియం పక్కన ఆయనకు రెండెకరాల నర్సరీ ఉంది. మొదటి భార్య సత్యవేణి పోయి మూడేళ్లయింది. వాళ్ల అమ్మాయి పావని కాకినాడలో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటుంది. రెండు వారాలకోసారి ఆదివారం వచ్చి వెళుతుంది. నాతో మర్యాదగానే మాట్లాడుతుంది కానీ ఏమని పిలవాలో తేల్చుకోలేక, ఏమీ పిలవకుండానే మాట పూర్తి చేస్తుంది.

ఈ ఐదు నెలల్లో ఇంట్లో ఒక్క వస్తువు చోటు కూడా నేను మార్చలేదు. పోపుల పెట్టె, చాపల చుట్ట, గోడకి అద్దం, అన్నీ ఆవిడ ఉంచిన చోటే ఉన్నాయి. మార్చొద్దని ఎవరూ అనలేదు. ఎవరో చదువుతూ మధ్యలో బోర్లించి వెళ్లిన పుస్తకం పక్కన కూర్చున్నట్టు ఉండేది నాకు. ఆఖరికి నా ఫోన్ చార్జర్ కూడా పని అవగానే తీసి, చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకునేదాన్ని. చుట్టాలింటికి వెళ్లినప్పుడు ఎలా చేస్తామో అలా. అలా చేస్తున్నానని కూడా చాలా రోజులు గమనించలేదు.

వైర్లు వేరు అనుకున్నాను. ఎవరి గుర్తూ వాటి మీద ఉండదు. టీవీ వెనక, మిక్సీ పక్కన, మంచం కింద, నల్లగా చుట్టలు పడి, దేనిది ఏదో తెలియకుండా ఉన్నాయి. వాటికి పేర్లు రాసి సర్దితే ఎవరిదీ తీసుకున్నట్టు కాదు. ఇంట్లో నేనూ ఒక పని చేసినట్టు అవుతుంది. అంతకంటే పెద్ద ఆశ లేదు ఆ పొద్దున.

"ఏంటండీ, పొద్దున్నే యుద్ధం మొదలెట్టారు?" అంటూ ఆయన నర్సరీ ట్యాగుల కట్ట తెచ్చి నా ముందు పడేశారు. మొక్కలకి కట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ ట్యాగులు. పక్కనే మార్కరు. "వానకి పోని ఇంకు ఇది. మీ మిక్సీ మీద ఎంత వాన కురిసినా ఢోకా లేదు."

"ఇంకా నన్ను మీరు అంటున్నారేంటండీ?"

"నోరు తిరగట్లేదండీ. కొత్త కదా."

"ఐదు నెలలు కొత్తా?"

"మామిడి అంటైతే ఐదు నెలలకి ఇంకా కట్టు కూడా విప్పం," అన్నారు, నవ్వకుండా.

ట్యాగులు ఆయనే రాశారు. నర్సరీలో కూడా ఆ పని ఇంకొకరికి ఇవ్వరు. టీవీ, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె, హీటర్ రాడ్డు. ఒక్కో పేరు కింద చిన్న అక్షరాలతో తారీఖు.

"తారీఖు ఎందుకండీ, గ్రైండరు ఏమన్నా కాపుకొస్తుందా?"

"అలవాటు. రాయకపోతే చెయ్యి ఆగదు."

ఎన్ని ప్లగ్గులు పీకినా ఒక వైరు మిగిలిపోయింది. లావుగా, మూడు పిన్నులతో ఉంది. ఇంట్లో ఏ వస్తువుకీ పట్టలేదు.

"పాత టేప్‌రికార్డర్‌ది అయ్యుంటుంది. అలాగే రాసెయ్యండి," అన్నాను.

ఆయన మార్కరుకి మూత పెట్టేశారు. "ఊహూ. గులాబీ అంటుకి ట్యాగ్ ఊడిపోయిందనుకోండి, ఆకు చూసి ఏ రకమో చెప్పలేం. విడిగా ఓ వరసలో పెడతాం. పువ్వు పూసినప్పుడే పేరు రాస్తాం. ఊహించి రాశామా, ఎక్కడో పూణేలో ఎరుపనుకుని కొన్నాయనకి తెలుపు పూస్తుంది. తిట్లు మాత్రం కడియం దాకా వస్తాయి." ఆ వైరుని చుట్టి కిటికీలో విడిగా పెట్టారు.

అప్పుడే అడిగాను. దాదాపు అన్ని వైర్లకీ ప్లగ్గు దగ్గర చిన్న గుడ్డపీలిక కట్టి ఉంది. దుమ్ము పట్టి అన్నీ ఒకటే బూడిద రంగులో ఉన్నాయి. "ఇవేంటండీ?"

ఆయన వంగి చూశారు. "ఏవో పీలికలు. సత్యవేణి బ్లౌజులు కుట్టేదిగా, ఇంటినిండా అవే ఉండేవి. ట్యాగ్‌కి అడ్డమైతే తీసెయ్యండి." ఈలోగా లారీ వచ్చిందని ఫోను. లోడింగు చూడాలని వెళ్లిపోయారు.

కత్తెర తీసుకున్నాను. ఒక్కొక్కటే కోసి చేటలో వేశాను. మొత్తం తొమ్మిది. వాటి స్థానంలో తొమ్మిది పసుపు ట్యాగులు. రౌటరుకి పీలిక లేదు, దానికీ ఒక ట్యాగు. పని అయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే ఎంత హాయిగా ఉందో. ప్రతి వైరూ చుట్టుకుని, పేరుతో, నేను పెట్టిన చోట.

చేట పట్టుకుని పెరట్లోకి వెళుతుంటే గాలికి ఒక పీలిక ఎగిరి కాలి మీద పడింది. తీసి దులిపాను. దుమ్ము కింద మెరూన్ రంగు వెల్వెట్. వేలెడు పొడవు గుడ్డ. నేను కోసిన చోట తప్ప దాని అంచులన్నీ పోగులు ఊడకుండా దారంతో కుట్టి ఉన్నాయి. ఇంకోటి దులిపాను. అది పట్టు. దానికీ అంచు కుట్టు. తొమ్మిదీ తొమ్మిది రకాల గుడ్డలు. ఏదీ ఊరికే కట్టింది కాదు.

పెరట్లో గట్టు మీద కూర్చుండిపోయాను. నన్ను బాధపెట్టింది తెలియక చేశానన్నది కాదు. మొదటి ముడి దగ్గరే నా వేళ్లకి తెలిసింది. దాన్ని విప్పబోతే రాలేదు, అంత శ్రద్ధగా వేసి ఉంది. ఇది మురికి గుడ్డ కాదని వేళ్లు చెప్పాయి. ఆయన తీసెయ్యమన్న మాటని అడ్డం పెట్టుకుని కత్తెర తెచ్చాను. ఐదు నెలలు ఏదీ కదపని చెయ్యి, కదపొచ్చని ఒక్క మాట వినపడగానే కోసింది. ఒకటి కాదు, తొమ్మిది.

ఫోను మోగింది. పావని. "ద్వారపూడి దాటానండి. కరెంటు లేదంటగా, ఐస్‌క్రీమ్ తేవట్లేదు."

ఇంకో అరగంట. తొమ్మిదింటినీ ఉతికినట్టు దులిపి లోపలికి తెచ్చాను. తిరిగి కట్టేస్తే? ఏది దేనికో ఎవరికి గుర్తుంటుంది! ఎర్రది ఇస్త్రీ పెట్టెకి బాగుంటుంది. తువ్వాలు గుడ్డ హీటర్‌కి, స్నానానికి సంబంధించింది కాబట్టి. వెల్వెట్ ముక్కని టేబుల్ ఫ్యాను వైరు చుట్టూ తిప్పి ముడి వెయ్యబోయాను. కిటికీలో ఆ పేరులేని వైరు కనబడింది. ముడి వెయ్యలేకపోయాను. గది మధ్యలో పేపరు పరిచి, తొమ్మిది పీలికల్నీ వరసగా పెట్టి, పక్కన కూర్చున్నాను.

పావని చెప్పులు విడిచి లోపలికి వచ్చి పేపరు చూసింది. భుజానికున్న బ్యాగు దింపలేదు.

"కోసేశారా?"

"కోసేశాను. మురికి గుడ్డలనుకున్నాను." ఆ మాట గదిలో అబద్ధంలాగే వినబడింది నాకు. "కాదు పావనీ. అనుకోలేదు. ముడి చూశాను. ఏదో ఉందని తెలిసే కోశాను. ఎందుకలా చేశానో నాకే తెలీదు."

పావని పీలికల్నే చూస్తూ నిలబడింది. ఇక ఈ ఇంట్లో నేను ఎప్పటికీ హ్యాండ్‌బ్యాగు సర్దుకునే ఉండాలేమో అనుకున్నాను. అప్పుడు బ్యాగు దింపి నా ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. కళ్లు మూసుకుని పేపరు మీద చెయ్యి వేసి ఒకటి తీసింది. బొటనవేలితో రుద్దింది.

"మిక్సీ," అంది. అది నెట్టు గుడ్డ. ఇంకోటి తీసింది. "టీవీ. సినిమా హాలు తెరలా ఉంటుందని వెల్వెట్ పెట్టింది. ఇది ఇస్త్రీ పెట్టె. పట్టుచీర నలక్కూడదు కదా, అందుకు."

"రంగు చూసి గుర్తుపట్టొచ్చుగా?"

"రంగు కాదండి." కళ్లు తెరిచింది. "అమ్మకి రంగులు తెలిసేవి కావు. షుగరుకి చూపు బాగా తగ్గిపోయింది. చివరి రెండేళ్లు మంచం కిందా టీవీ వెనకా ఏమీ కనబడేది కాదు. ముట్టుకుని తెలుసుకోడానికి కట్టింది ఇవి."

"మీ నాన్నగారు..."

"నాన్నకి తెలీదు. ఆ ఏడు వరదకి నర్సరీ సగం పోయింది. సరిగ్గా నిద్రపోయేవారు కాదు. 'ఆయనకి ఇంకో బెంగెందుకే' అంది. నడుం నొప్పని చెప్పి బ్లౌజులు కుట్టడం మానేసింది. ఇవి మాత్రం నన్ను కూర్చోబెట్టి సూదిలో దారం ఎక్కించమని, తనే కుట్టింది. వంకర పోతే విప్పించేది." కొద్దిగా నవ్వింది. "ఎంత సతాయించిందో."

జరీ అంచు ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టింది. గుచ్చుకుంది.

"హీటర్ రాడ్డు. గుచ్చుకుంటే జాగ్రత్తగా ఉంటామని."

తువ్వాలు ముక్క గ్రైండరుది. హీటర్‌కి కట్టేద్దామనుకున్నది అదే. ఆవిడ చీకట్లో తడుముకుంటూ దాన్ని పట్టుకుని, గ్రైండరే అనుకుని ధైర్యంగా హీటర్ ప్లగ్గు పెట్టి ఉంటే... ఆవిడ లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఆ ముక్కని వెంటనే తీసి గ్రైండరు వైరు పక్కన పెట్టాను.

"నాన్నకి చెప్పకండి," అంది పావని.

"చెప్పను."

మూడేళ్లుగా ఆ పిల్ల ఈ ఒక్క విషయాన్ని ఒంటరిగా మోస్తోంది. నా మాట విన్నాక దాని భుజాలు కాస్త కిందికి దిగాయి. ఇద్దరం కలిసి తొమ్మిదింటినీ తిరిగి కట్టాం. అది పేరు చెబుతుంది, నేను ముడి వేస్తాను. నా ముడి వదులుగా ఉందని రెండుసార్లు విప్పించింది.

ఒంటిగంటన్నరకి ఆయన మట్టి చేతులతో వచ్చారు. "ఇదేంటి, తీసినవి మళ్లీ కట్టారు? ట్యాగులున్నాయిగా!"

"మీ అక్షరాలు బాలేవని నాన్నా," అంది పావని.

"నా అక్షరాలు చూసి ఢిల్లీ వాళ్లు మెచ్చుకుంటారే!"

"ఢిల్లీ వాళ్లకి తెలుగు వచ్చా?"

ఆయన ఓడిపోయినట్టు చేతులు కడుక్కోడానికి వెళ్లారు. వెళుతూ వెళుతూ టీవీ వైరు దగ్గర వంగి, వెల్వెట్ ముక్కని ఒక వేలితో నిమిరారు. మెత్తగా ఉందని కాబోలు.

పావని కిటికీలో ఉన్న వైరుని చూసి అదేంటో తనకీ తెలియదంది. దాన్ని అక్కడే ఉంచాం. తర్వాత నా వైపు తిరిగింది. "మీ చార్జర్ ఏదండి? దానికి ట్యాగూ లేదు, ఏమీ లేదు."

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. తెల్లగా, కొత్తదానిలా ఉంది, ఎక్కడా ఉంచకపోవడం వల్ల.

"దీనికేం కడదాం?"

ఈ ఇంట్లో నావంటూ పాత గుడ్డలు లేవు. ఒకసారి చుట్టూ చూసి, నేను కట్టుకున్న నేతచీర కొంగు ముందుకి తీసుకున్నాను. చివర కుచ్చులున్నాయి. కత్తెరతో ఒకటి కోసి ఇచ్చాను.

"అయ్యో, కట్టుకున్న చీరండీ!"

"ఒక కుచ్చు లేకపోతే ఎవరు చూస్తారు?"

పావని దాన్ని వైరుకి కట్టి, పళ్లతో దారం బిగించింది. మంచం పక్క స్విచ్‌బోర్డులో చార్జరు పెట్టింది. కళ్లు మూసుకుని, బోర్డు కింద వేలాడుతున్న వైర్లని చేత్తో తడిమింది. టేబుల్ ఫ్యాను దాటింది, ఎమర్జెన్సీ లైటు దాటింది. కుచ్చు దగ్గర ఆగింది.

"ఇది మీది," అంది.

రెండయ్యేసరికి కరెంటు వచ్చింది. పైన ఫ్యాను మెల్లగా తిరగడం మొదలైంది. ఆ గాలికి కుచ్చు కొద్దిగా కదిలింది. హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసి, బీరువా మీద పెట్టేశాను.